రోహిణి కార్తె లెక్కతో మొదటి వాటర్ కూలింగ్ కంప్యూటర్

మా ఇల్లు నెల్లూరులో. కంప్యూటర్ ఉన్నది మేడ మీద గదిలో, నేరుగా శ్లాబు కింద. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఫ్యాన్ వేస్తే పైనుంచి సెగ దిగుతుంది. వాటర్ కూలింగ్ గురించి నేను మొదట చూసిన వీడియోల్లో ప్రతివారూ గది ఉష్ణోగ్రత 21 డిగ్రీలు అనుకుని లెక్క మొదలుపెట్టేవారు. ఆ 21 డిగ్రీలు మనకు సంక్రాంతి ముందు తెల్లవారుజామున, దుప్పటి కప్పుకుని చూస్తే కనిపిస్తాయి. వారి లెక్కను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే జనవరిలో హాయిగా నడిచిన మిషను రోహిణి కార్తెలో ఆయాసపడుతుంది. అందుకే ఈ పనిని రోళ్లు పగిలే ఎండ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. సామాను కొనడం బాగా తర్వాతి మాట.

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. నీళ్లు ప్రాసెసర్‌ను చల్లబరచవు. దాని వేడిని మోసుకెళ్లి రేడియేటర్ అనే రెక్కల లోహపు చట్రం దగ్గర దించుతాయి, అక్కడి నుంచి ఫ్యాన్లు దాన్ని గదిలోకి తోసేస్తాయి. కూలీ పని అంతే. మరి మట్టికుండలో నీళ్లు గదికంటే చల్లగా ఉంటాయి కదా అని మా నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న. కుండ చెమరుస్తుంది, పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. కంప్యూటర్ గొట్టాల్లో నీటిని బిగించి ఉంచుతాం, ఆవిరయ్యే దారి లేదు. అందువల్ల ఎంత ఖరీదైన సామాను పెట్టినా ఆ నీరు గదికంటే చల్లబడదు, ఎప్పుడూ కొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. గది 39 ఉంటే నీరు 49, 50 దాకా రావడం సహజమే. ఒక లాభం కూడా ఉంది. గదికంటే చల్లబడని గొట్టం మీద మంచు పట్టదు కాబట్టి మన సముద్రతీరపు తేమకు జడవనక్కర లేదు. ఐసు ముక్కలు వేస్తేనో, ఫ్రిజ్ నీళ్లు పోస్తేనో మాత్రం చల్లటి సోడా సీసాకు పట్టినట్టు గొట్టాలకు చెమట పట్టి మదర్‌బోర్డు మీద కారుతుంది. ఆ ప్రయోగం జోలికి పోకండి.

మొదట గదిని కొలవండి

ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్ తెచ్చి, కేబినెట్ గాలి పీల్చుకునే చోట, నేలకు ఎంత ఎత్తులో కంప్యూటర్ ఉంటుందో అంతే ఎత్తులో పెట్టండి. ఎండ పడే గోడకు తగిలించి చూసే అంకె పనికి రాదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు చూడండి. మీరు ఇది చలికాలంలో చదువుతుంటే, మేడ గదికి 39 అనీ, కింది అంతస్తు గదికి 36 అనీ వేసుకుని ముందుకు సాగండి. ఏసీ ఉన్న గది అయితే ఏసీ వేసినప్పటి అంకె కాదు, కరెంటు పోయి గంట గడిచాక ఉండే అంకె రాసుకోండి.

ఏసీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 500 వాట్లు లాగే కంప్యూటర్ ఆ 500 వాట్లనూ వేడిగా గదిలోనే వదులుతుంది, చల్లబరిచేది గాలి అయినా నీళ్లయినా. ఒక టన్ను ఏసీ తీసేయగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అందులో ఏడో వంతు మీ కంప్యూటర్‌కే పోతుందన్న మాట. వాటర్ కూలింగ్ పెడితే గది చల్లబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత వాట్లు కూడండి

ప్రాసెసర్ పెట్టె మీద ఉన్న అంకెను నమ్మవద్దు. 65 వాట్లు అని రాసి ఉండే రైజెన్ 7 7700 గట్టిగా పని చేసేటప్పుడు 88 వాట్ల వరకు లాగుతుంది. ఇంటెల్ ఐ9-14900కే మీద 125 అని ఉంటుంది, టర్బోలో, అంటే పూర్తి వేగంలో, దాని హద్దు 253. గ్రాఫిక్స్ కార్డుల అంకెలు కాస్త నిజాయితీగా ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్‌కు 220 వాట్లు, 4090కి 450, 5090కి 575.

ఉదాహరణకు 7700, 4070 సూపర్ జత తీసుకుంటే 88కి 220 కలిపి 308 వాట్లు. మన వ్యాసం మొత్తానికీ ఈ జతనే పట్టుకుందాం.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది నిజంగా అవసరమా? ఈ ప్రాసెసర్ ఒక్కటే అయితే మంచి గాలి కూలర్ చాలు, నీళ్లతో పనే లేదు. 200 వాట్లు దాటే ప్రాసెసర్ ఉండి, గ్రాఫిక్స్ కార్డును కదిలించడం ఇష్టం లేకపోతే, సీలు వేసి వచ్చే రెడీమేడ్ కూలర్, అదే ఏఐఓ, తీసుకోండి. 360 మి.మీ. సైజు బిగించి, రేడియేటర్ పైభాగం పంపుకంటే ఎత్తులో ఉండేలా చూసుకుంటే గాలి బుడగలు పంపులోకి రావు. పని అయిపోయింది, ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. విడి విడి సామానుతో సొంతంగా కట్టుకోవడం రెండు సందర్భాల్లోనే అర్థవంతం: గ్రాఫిక్స్ కార్డు కూడా గంటల తరబడి పూర్తి బరువు మోస్తున్నప్పుడు, లేదా కట్టుకోవడంలోని సరదాయే మీకు కావలసినప్పుడు. ఒంగోలులో నా మిత్రుడొకరు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. ముహూర్తాలు వైశాఖంలోనే, ఎండలూ వైశాఖంలోనే. ఏడాదిలో గది అన్నిటికంటే వేడిగా ఉండే నెలలోనే ఆయన మిషను రాత్రింబగళ్లు రెండరింగ్ చేస్తుంటుంది, మైకు పెట్టి మాట రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ల గోల ఉండకూడదు. ఆయనకు అవసరం. నాకు సరదా. రెండూ కాకపోతే ఆ డబ్బుతో గదికి మంచి కర్టెన్లు, శ్లాబు మీద తెల్ల సున్నం వేయించండి. హాస్యానికి అనడం లేదు.

రేడియేటర్, కేబినెట్ కలిపి ఎంచుకోవాలి

రేడియేటర్ మీద 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి పట్టే ప్రతి గడికీ 120 నుంచి 150 వాట్లు అని చల్లటి దేశాల వారు లెక్క వేస్తారు. మనం 100 కంటే ఎక్కువ వేసుకోకూడదు. నేనైతే 60, 70 దగ్గర ఆగుతాను. మన 308 వాట్లకు ఒక 360 రేడియేటర్, అంటే మూడు గడులది, సరిగ్గా బొటాబొటీగా సరిపోతుంది, మేలో ఫ్యాన్లు అరుస్తాయి. దానికి ఒక 240 జత చేస్తే ఐదు గడులు, గడికి 62 వాట్లు. అప్పుడు ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా నీరు గదికంటే పది, పన్నెండు డిగ్రీలు పైన నిలబడుతుంది. పది నుంచి పదిహేను డిగ్రీల తేడా అంటే మంచి సంసారమే. గది 39 ఉంటే నీరు 50. చాలా పంపులకు నీరు 60 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది, అంటే ఇంకా పది డిగ్రీల వెసులుబాటు ఉంది. అదే తేడా 20 అయితే మన మేడ గదిలో ఆ అంచు మీదే నిలబడతాం.

360 రేడియేటర్ అంటే పొడవు 360 కాదు. చివర్లలో నీళ్ల గదులు కలిపి 390, 400 మి.మీ. ఉంటుంది. మందం చూస్తే సన్నవి 27 నుంచి 30 మి.మీ., ఫ్యాన్ మరో 25. అంటే కేబినెట్ పైకప్పు కింద 55 మి.మీ. ఖాళీ కావాలి, అది ర్యామ్ కర్రలకూ మదర్‌బోర్డు పైన ఉండే లోహపు దిమ్మెలకూ తగలకూడదు. కేబినెట్ కంపెనీ చెప్పే మాటను ఒకసారి విని, అట్టముక్కను రేడియేటర్ కొలతకు కోసి లోపల పెట్టి చూడండి. పావుగంట పని. కేబినెట్ ముందు భాగం గాజుది కాకుండా జాలీది తీసుకోండి. గాజు వెనక రేడియేటర్ పెట్టడమంటే తలుపులు మూసిన కిటికీ ముందు గాలి కోసం కూర్చోవడమే.

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవారు రేడియేటర్ రెక్కల మధ్య అతుక్కునే దుమ్మును ఎక్కువ ఆశించాలి. ఉప్పుగాలిలో తేమ ఉంటుంది, దుమ్ము పొడిగా రాలిపోకుండా మెత్తటి పేస్టులా పడుతుంది. రెక్కలు బాగా దగ్గరగా ఉన్న రేడియేటర్ కంటే ఎడంగా ఉన్నది వారికి మేలు. బ్రష్షు తిరుగుతుంది.

పంపు గురించి రైతుకు కొత్తగా చెప్పేది లేదు

పొలంలో మోటారు నడిపినవారికి ఈ భాగం సగం తెలిసినదే. కంప్యూటర్ పంపు కూడా నీటిని తనంతట తాను పైకి పీల్చుకోలేదు. నీళ్లు దాని నోట్లోకి వాలులో దిగాలి. అందుకే రిజర్వాయర్ పంపుకు పైన ఉండాలి, దాని నుంచి గొట్టం నేరుగా పంపులోకే వెళ్లాలి. రిజర్వాయర్ అనగానే మనకు సోమశిల కళ్ల ముందు కదులుతుంది గానీ, ఇది పావు లీటరు పట్టే గాజులాంటి గొట్టం. పంపు, రిజర్వాయర్ ఒకే ముక్కగా వచ్చేవి ఉంటాయి. మొదటిసారికి అదే తీసుకోండి, రెండు అతుకులు తగ్గుతాయి. డీ5 రకం పంపు నెమ్మదైనది, మన్నిక గలది. ఎండిన పంపును క్షణం కూడా తిప్పకూడదు. లోపలి బేరింగుకు నీరే నూనె.

డీ5 పంపు 20 వాట్లకు పైగా లాగగలదు, మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నులు సాధారణంగా 12 వాట్లకు మించి ఇవ్వవు. పంపు కరెంటును పవర్ సప్లై నుంచి తీసుకోండి. వేగం తెలిపే సన్నని వైరును మాత్రం మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ ఫ్యాన్ పిన్నుకు ఇవ్వండి. పంపు ఆగితే ఫ్యాన్ ఆగిందనుకుని కంప్యూటర్ హెచ్చరిస్తుంది.

నీరు ఏ వరసలో తిరగాలన్నది చాలామందిని తినేసే ప్రశ్న. ప్రాసెసర్ తర్వాత రేడియేటర్ రావాలా, గ్రాఫిక్స్ కార్డు రావాలా? లెక్క చూడండి. నిమిషానికి 4 లీటర్లు ప్రవహిస్తుంటే 300 వాట్ల వేడి మొత్తం కలిసి ఒక చుట్టులో ఆ నీటిని పెంచేది ఒక డిగ్రీ చిల్లర మాత్రమే. నీరు అంత వేగంగా తిరుగుతుంటే లూపు, అంటే నీరు తిరిగే దారి, అంతటా దాదాపు ఒకే వేడి ఉంటుంది. కాబట్టి గొట్టం ఎటు పొట్టిగా వస్తే అటు వేయండి. రిజర్వాయర్ తర్వాత పంపు అన్న ఒక్క నియమం తప్ప ఈ వరసలో ఇంకో నియమం లేదు.

బ్లాకులు, లోహాలు

బ్లాకు అంటే చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే లోహపు దిమ్మె. ప్రాసెసర్ బ్లాకు సాకెట్‌కు, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు, సరిపోతే చాలు. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు అలా కాదు. ఒకే 4070 సూపర్‌ను పది కంపెనీలు పది రకాల బోర్డుల మీద చేస్తాయి, బ్లాకు ఆ బోర్డుకే కోసి ఉంటుంది. అందుకని ముందు బ్లాకు దొరుకుతుందో లేదో చూసి, తర్వాత దానికి తగిన కార్డు కొనండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కార్డు కూలర్ విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. రసీదు చేతికి రాకముందే ఆ షరతులు చదవండి. నా సలహా అడిగితే, మొదటి నెల కార్డును దాని సొంత ఫ్యాన్లతోనే గట్టిగా నడపండి. పుట్టుకతో లోపం ఉంటే ఆ నెలలోనే బయటపడే అవకాశం ఎక్కువ. విప్పడం ఆ తర్వాత.

లోహాల విషయంలో రాజీ వద్దు. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒక జట్టు. అల్యూమినియం వేరే కులం. రాగి బ్లాకును, అల్యూమినియం రేడియేటర్‌ను ఒకే నీటిలో కలిపితే ఆ రెండూ బ్యాటరీలో పలకల్లా పని చేసి అల్యూమినియం కరిగిపోతుంది. రెడీమేడ్ కూలర్లలో ఈ రెండూ కలిసే ఉంటాయి కదా అంటే, వాటిలో తుప్పును ఆపే రసాయనం పోసి శాశ్వతంగా సీలు వేస్తారు. చవకగా దొరికిన రేడియేటర్ ఏ లోహమో అమ్మేవారు చెప్పలేకపోతే వదిలేయండి.

గొట్టాలు, ఫిట్టింగులు

ఫొటోల్లో మెరిసే గాజులాంటి గట్టి గొట్టాల మీద మీ మనసు పడి ఉంటుంది. నా మనసు కూడా పడింది. వాటిలో పీఈటీజీ అనే ప్లాస్టిక్ ఎక్కువ. అది నీరు 60 డిగ్రీల దరిదాపులకు వస్తే మెత్తబడడం మొదలుపెట్టి, గొట్టాన్ని పట్టి ఉంచే ఫిట్టింగ్ నుంచి జారవచ్చు. మన నీరు మేలో 50 ఉంటుందని పైన లెక్క వేశాం. ఒక రోజు ఫ్యాన్ ఆగితే ఆ పది డిగ్రీలు ఎంతసేపట్లో కరుగుతాయో ఊహించండి. అక్రిలిక్ గొట్టం వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది గానీ వంచడం, కోయడం మొదటిసారి చేసేవారికి కష్టం. నల్లటి రబ్బరు గొట్టం, ఈపీడీఎం అని అడగండి, అందంగా ఉండదు. వేడిని లెక్క చేయదు, పారదర్శకమైన మెత్తటి గొట్టంలా కొన్నాళ్లకు జిగురు వదిలి బ్లాకు సందులను మూయదు. నేను అదే వేశాను. మా చెల్లెలు దాన్ని మోటారు సైకిలు పెట్రోలు పైపు అంటుంది. అననివ్వండి.

గొట్టం కొలతలు రెండంకెల్లో ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం. 10/13, 10/16 అనేవి మామూలు రకాలు. 10/16 గొట్టం మందం కాబట్టి మలుపులో నొక్కుకుపోదు. ఫిట్టింగ్ మీద కూడా అదే జంట అంకెలు ఉండాలి, ఒకటి కలిసి ఇంకొకటి కలవకపోతే పనికిరాదు. అన్ని భాగాల మీదా మర జీ 1/4 అనే ఒకే కొలతలో ఉంటుంది, ఆ చింత లేదు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. కేబినెట్ బొమ్మ వేసి ప్రతి భాగానికీ లోపలికి ఒక చుక్క, బయటికి ఒక చుక్క పెట్టండి. ప్రాసెసర్ బ్లాకుకు రెండు, కార్డు బ్లాకుకు రెండు, రెండు రేడియేటర్లకు నాలుగు, పంపు ముక్కకు రెండు. మొత్తం పది. లూపులో అన్నిటికంటే కింది చోట నీరు వదిలేందుకు ఒక మూడు దారుల ముక్క, ఒక చిన్న బాల్ వాల్వు, ఆ ముక్కకు మరో రెండు ఫిట్టింగులు. మలుపులకు నాలుగు 90 డిగ్రీల ముక్కలు. దీని మీద రెండు ఎక్కువ వేసి ఆర్డరు పెట్టండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలు బజారులో గానీ మీకు ర్యామ్, ఎస్ఎస్‌డీ దొరికినంత సులువుగా ఈ ఇత్తడి ముక్కలు దొరకవు. ఆన్‌లైన్ ఆర్డరు పెట్టాలి, లేదంటే పినాకిని ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకాలి. నేను లెక్కపెట్టి సరిగ్గా పదే తెప్పించాను. పెట్టెలో తొమ్మిదే వచ్చాయి. పదోది వచ్చేదాకా ఎనిమిది రోజులు కంప్యూటర్ విప్పిన కడుపుతో బల్ల మీద పడుకుంది.

నీళ్లు

మన బోరు నీటి సంగతి మీకు గీజరు కాయిల్ చెబుతుంది, కుళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్ల పొర చెబుతుంది. కనిగిరి వైపు వారికి ఫ్లోరైడ్ బాధ అదనం. బ్లాకు లోపల రాగి సందులు అర మిల్లీమీటరు కూడా ఉండవు. ఆ తెల్ల పొర అక్కడ పడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఆర్‌వో క్యాన్ నీరు తాగడానికి, దీనికి కాదు. అందులోనూ లవణాలు మిగులుతాయి.

కావలసింది డిస్టిల్డ్ వాటర్, లేదా పూర్తిగా లవణాలు తీసేసిన నీరు. ఇన్వర్టర్ దుకాణాల్లో బ్యాటరీ నీరుగా అమ్మే క్యాన్లలో మంచివీ ఉంటాయి, కుళాయి నీటికి బంధువులూ ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి, నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు వాడండి. రొయ్యల చెరువుల ఊళ్లలో నీటిని కొలిచే అలవాటు కొత్త కాదు, అక్వా రైతు ఎవరినైనా అడిగితే ఒక మీటరు దొరుకుతుంది. లవణీయతను కొలిచే మీటరు కాకుండా టీడీఎస్ మీటరే అని చూసుకోండి. మీటరు సున్నా, ఒకటి, రెండు చూపిస్తే తీసుకోండి. ఇరవై, ముప్పై చూపిస్తే ఆ క్యాన్‌ను ఇన్వర్టర్ వారికే వదిలేయండి. ఐదు లీటర్లు కొనండి. లూపులో పట్టేది లీటరు అటూ ఇటూ, మిగతాది కడగడానికి.

ఉత్త నీరు పోసి వదిలేస్తే నెలల్లో పాచి పడుతుంది, లోహం నల్లబడుతుంది. కంప్యూటర్ల కోసమే అమ్మే గాఢ ద్రావణం, రంగు లేనిది, నీటిలో వారు చెప్పిన పాళ్లలో కలపండి. అందులో తుప్పును ఆపేది, పాచిని ఆపేది రెండూ ఉంటాయి. పాలలా చిక్కగా మెరిసే రంగు నీళ్లు ఫొటోకు బాగుంటాయి, వాటిలోని పొడి కొన్నాళ్లకు అడుగున పేరుకుంటుంది. ట్రాక్టర్ రేడియేటర్‌లో పోసే కూలెంట్ పోయవచ్చా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. మొదటి కట్టుబడిలో వద్దు. అందులో ఉండే ఇథలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు తిరిగే ఇంట్లో నేల మీద కారనివ్వకూడని వస్తువు.

డిస్టిల్డ్ నీరు కరెంటును పారనివ్వదు కాబట్టి లీకైనా ఫరవాలేదన్న మాట కూడా వింటారు. సీసాలో ఉన్నంతవరకే అది నిజం. రాగి, ఇత్తడి మీదుగా కొన్ని రోజులు తిరిగాక, మదర్‌బోర్డు మీది దుమ్ములో పడ్డాక, అది మామూలు నీరే.

బిగించే రోజు

రేడియేటర్లను ముందు కడగండి. గోరువెచ్చని డిస్టిల్డ్ నీరు సగం పోసి, మూతలు బిగించి, చంటిపిల్లను ఊపినట్టు కాదు, చింతపండు డబ్బా ఊపినట్టు ఊపి తెల్ల గిన్నెలోకి వంచండి. మొదటిసారి అతుకుల మసి, లోహపు రేణువులు వస్తాయి. నీరు నిర్మలంగా వచ్చేదాకా నాలుగైదు సార్లు చేయాలి.

ఫ్యాన్‌ను రేడియేటర్‌కు బిగించే మరలను ముందు విడి ఫ్యాన్‌లో దూర్చి, అవతలికి ఎంత వస్తాయో కొలత చూడండి. పొడవైన మర రెక్కలు దాటి నీటి గొట్టంలోకి దిగితే ఆ రేడియేటర్ పాత ఇనుముకే. నా మొదటి 240 అలాగే పోయింది. బిగువుగా ఉందేమిటా అని ఇంకో అర చుట్టు తిప్పాను. చిన్న చప్పుడు, అంతే.

ఫిట్టింగులను చేతితో బిగించండి. నీటిని ఆపేది మర కాదు, దాని మెడలో ఉండే రబ్బరు వలయం. అది కాస్త నొక్కుకుంటే చాలు. ప్లంబర్ అలవాటు ప్రకారం తెల్ల టేపు చుట్టకండి, పానాతో బిగించకండి. అక్రిలిక్ బ్లాకు పగిలేది ఎక్కువగా ఇలాగే. గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. ప్రాసెసర్ బ్లాకు మీద లోపలికి, బయటికి గుర్తులు ఉంటాయి, ఒకసారి చూసి వేయండి. వరసకు విలువ లేదు గానీ ఈ గుర్తుకు ఉంది.

గాలితో ఒకసారి, నీటితో ఒకసారి

ముందు గాలి పరీక్ష. దీనికోసం ఒత్తిడి చూపే గడియారం ఉన్న చిన్న చేతి పంపు అమ్ముతారు. 0.5 బార్ వరకు నింపి అరగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే నీళ్లు పోయవచ్చు. పంచరు షాపు కంప్రెసర్‌తో ఈ పని చేయించాలనే ఆలోచన వస్తుంది. కారు టైరులో 2 బార్లకు పైగా ఉంటుంది, ఆ ఒత్తిడికి మీ రిజర్వాయర్ తట్టుకోదు.

తర్వాత నీరు. ఈ దశలో మదర్‌బోర్డుకు, కార్డుకు కరెంటు వైర్లు ఏవీ తగిలించి ఉండకూడదు. పవర్ సప్లైకి పంపు ఒక్కటే తగిలించండి. మదర్‌బోర్డు లేకుండా పవర్ సప్లై లేవదు కాబట్టి 24 పిన్నుల కొసకు పెట్టే చిన్న వంతెన బిరడా కొనుక్కోండి. కొన్ని పవర్ సప్లైలతో పాటే వస్తుంది. వైరు ముక్కతో కలిపేవారు ఉన్నారు, వైర్లన్నీ నల్లగా ఉండే ఈ రోజుల్లో తప్పు పిన్ను పట్టుకోవడం సులువు. వద్దు.

ప్రతి అతుకు కిందా తెల్ల టిష్యూ కాగితం పరవండి. రిజర్వాయర్ నిండుగా పోసి, పంపును ఐదారు సెకన్లు నడిపి ఆపండి. నీటిమట్టం పడిపోతుంది. మళ్లీ పోసి, మళ్లీ నడపండి. మట్టం రిజర్వాయర్ అడుగుకు రాకముందే ఆపాలి. ఇది బోరు మోటారుకు నీళ్లు పోసి గాలి తీసే పనే, ఓపిక అంతే కావాలి. నీరు ఆగకుండా తిరగడం మొదలయ్యాక కేబినెట్‌ను మెల్లగా ముందుకు, వెనక్కి, పక్కకు వంచండి. రేడియేటర్ మూలల్లో దాక్కున్న గాలి గురగురలాడుతూ వస్తుంది. చిన్న బుడగలు పూర్తిగా పోవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, అది లోపం కాదు. పంపును అలా 24 గంటలు నడవనిచ్చి, టిష్యూలు పొడిగా ఉంటేనే మిగతా వైర్లు తగిలించండి. తడి కనిపిస్తే ఆపి, ప్లగ్గు పీకి, ఆ అతుకు విప్పి రబ్బరు వలయం చూడండి. తడిసిన భాగాన్ని రెండు రోజులు ఆరనివ్వాలి.

ఫ్యాన్ల వేగం, ఇక్కడే మన లెక్క వేరు

ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని బట్టి తిప్పితే, మీరు ఒక ఫైలు తెరవగానే అవి ఉలిక్కిపడతాయి. ప్రాసెసర్ వేడి క్షణాల్లో లేచి పడుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. అందుకని లూపులో ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, ఫ్యాన్లను నీటి వేడికి కట్టండి. దానికి రెండు పిన్నుల చోటు ఉన్న మదర్‌బోర్డు ఎంచుకోండి, లేదా విడిగా చిన్న కంట్రోలర్ కొనండి.

ఎవరో విదేశీయుడు ఇచ్చిన పట్టిక ప్రకారం నీరు 40 దాటగానే ఫ్యాన్లు పూర్తి వేగం అని పెడితే, మే నెలలో మీ కంప్యూటర్ ఏ పనీ చేయకుండానే రోజంతా హోరెత్తుతుంది. కారణం తెలిసిందే, మన గదే 39. మీ సాఫ్ట్‌వేర్‌లో నీటికీ గదికీ తేడాను బట్టి వేగం పెట్టే వీలుంటే అదే పెట్టండి. తేడా 5 లోపు ఉంటే నెమ్మది, 10కి మధ్యస్థం, 15కి పూర్తి. ఆ వీలు లేకపోతే రెండు పట్టికలు చేసుకోండి. కార్తీకం నుంచి శివరాత్రి వరకు ఒకటి, ఉగాది నుంచి తొలకరి దాకా ఒకటి. వేసవి పట్టికలో నీరు 46 వరకు ఫ్యాన్లు గుసగుసలాడాలి, 50కి గొంతు పెంచాలి, 55కి అరవాలి. 58కి కంప్యూటర్ తనే ఆగిపోయేలా పెట్టండి. ప్రాసెసర్ 80 చూపిస్తే కంగారు పడకండి, ఈ తరం రైజెన్‌లు చాలావరకు 95 వరకు తట్టుకునేలా చేసినవే.

తుఫానుల నెలల్లో కరెంటు వచ్చిపోతుంటుంది. పంపు ఆగితే ప్రాసెసర్ కూడా ఆగుతుంది కాబట్టి వేడి భయం లేదు. ఇన్వర్టర్ మాత్రం ప్యూర్ సైన్ వేవ్ రకం అయి ఉండాలి, మంచి పవర్ సప్లైలకు చవక రకం ఇన్వర్టర్ కరెంటు పడదు. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి, పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు.

వాడకం మొదలయ్యాక పెద్ద పనేమీ లేదు. నెలకోసారి నీటిమట్టం, మూడు నెలలకోసారి దుమ్ము. ఏడాదికోసారి వాల్వు తిప్పి నీరంతా తీసి కొత్తది పోయాలి. దానికి ఉగాది తర్వాతి ఆదివారం మంచిది, ఎండలు ముదిరేలోపు మిషను సిద్ధమవుతుంది. ఆయుధపూజకు కేబినెట్‌కు బొట్టు పెట్టండి, పక్క రేకు మీద. మా అమ్మ భక్తిగా పైనున్న జాలీ మీద చల్లిన పసుపు, కుంకుమ రేడియేటర్ రెక్కల్లో నుంచి తీయడానికి నాకు బ్రష్షుతో ఒక పూట పట్టింది. నీరు నింపిన తేదీ, కలిపిన ద్రావణం పేరు, దాని పాళ్లు ఒక చీటీ మీద రాసి కేబినెట్ వెనక అంటించండి. వచ్చే ఏడాదికి మీకు గుర్తుండదు.